తుప్పును దాచుట పునరుద్ధరణ కాదు

కోనసీమలోని పాత మండువా లోగిళ్ల వెనుక, ధాన్యపు కొట్టుకును పశువుల సావిడికిని నడుమ, తాటాకుపాక క్రిందనో రేకుల షెడ్డు క్రిందనో, టైర్లు నేలకంటుకొనిపోయి, వెనుకసీటు కోళ్లకు గూడై, బోనెట్టు కొబ్బరి డొక్కలు ఆరబోసికొను అరుగై నిలిచియున్న మోటారుకార్లు నేటికిని అచ్చటచ్చట కనబడుచుండును. వానిలో అంబాసిడర్లు అధికము, ఫియట్లు కొన్ని; భాగ్యవశమున ఒకానొక స్టాండర్డ్ హెరాల్డు; యుద్ధానంతర కాలపు జీపు ఎచ్చటనో యొకటి. తాతగారు కొన్నారు, తండ్రిగారు నడిపినారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. బండి మాత్రము ఇంటనే యున్నది.

ఈ బండ్లకై ఇద్దరు వచ్చుచుందురు. ఒకడు పాత ఇనుము కొనువాడు. గాజును రబ్బరును ఊడదీసి, మిగిలినదానికి కిలో లెక్కన వెల కట్టును. రెండవవాడు పట్టణపు బేరగాడు. బండిని లారీమీద కెక్కించుకొనిపోయి, రేకులోని చిల్లులను లప్పముతో పూడ్చి, తళతళలాడు రంగు కొట్టించి, పెండ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చును, లేదా హోటలు గుమ్మమున అలంకారముగా నిలుపును. ఇద్దరిలో మొదటివానియందే నాకు గౌరవ మెక్కువ. అతడు ఇనుమును ఇనుమని చెప్పియే కొనుచున్నాడు.

మూడవ మార్గ మొకటి కలదు. బండి ఏ ఇంట పాతబడెనో ఆ ఇంటనే, ఆ ఊరి మేస్త్రీల చేతులమీదుగా, యజమాని తన చేతులకును గ్రీజు అంటించుకొనుచు, ఏండ్లు పట్టినను తొందరపడక, దానిని మరల నడుచునట్లు చేసికొనుట. ఇందులో మొదటి నియమము కొత్తబండివలె కనబడవలెనను మోహమును విడిచిపెట్టుట. ఈ వ్యాసమున నేను వాదింపదలచిన దిదియే.

ఒక పాతకారునకు ఇంత ఆరాటమెందులకని అడుగువారుందురు. వారికి కోనసీమ నైసర్గిక స్వరూపమే సమాధానము. ఒకవైపు గౌతమి, ఒకవైపు వసిష్ఠ, నడుమ చీల్చుకొనిపోవు వైనతేయ, దక్షిణమున సముద్రము; వంతెనలు రాకమునుపు ఈ సీమనుండి కదలవలెనన్న ఏదో యొక రేవు దాటవలసినదే. కాకినాడనుండి కోటిపల్లివరకు 1928లో వేసిన రైలుమార్గమును రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940లో, పెరికివేసి ఆ ఇనుమును యుద్ధావసరములకు తరలించిరి. ఆ దారి మరల 2004లో గాని రాలేదు. వచ్చినను గౌతమికి ఆవలి యొడ్డుననే ఆగిపోయినది. నది దాటి అమలాపురముమీదుగా నరసాపురము చేరవలసిన రైలు నేటికిని రాలేదు. రైలులేని ఈ సీమకు కారు విలాసవస్తువు మాత్రమే కాలేదు. అర్ధరాత్రివేళ ప్రసవవేదన పడుచున్న స్త్రీని పట్టణపు ఆసుపత్రికి చేర్చినది, పెండ్లికొడుకును విడిదికి తెచ్చినది, కోర్టు వాయిదాకు ప్లీడరును రాజమండ్రికి మోసికొనిపోయినది ఊరికొక్కటిగా ఉండిన ఆ కారే. కోటిపల్లి రేవుననో సఖినేటిపల్లి రేవుననో, రెండు పడవలను జతచేసి పైన బల్లలు పరచిన పంటిమీదికి, రెండు పలకల ఆధారముతో, ఊపిరి బిగబట్టి కారును ఎక్కించిన డ్రైవర్ల నేర్పు ఈ తరమునకు తెలియదు. అట్టి ప్రయాణముల గుర్తులు ఆ బండ్ల క్రింది భాగమున సొట్టలుగా నేటికిని మిగిలియున్నవి. పట్టణపు బేరగాడు మొదట చెరిపివేయునది ఆ సొట్టలనే.

ఈ బండ్లు దేశచరిత్రయందును ఒక ఘట్టమునకు సాక్షులు. విదేశీ కార్ల దిగుమతి కట్టుబడిన ఆ రోజులలో కొనగోరువానికి దొరకినవి మూడు నాలుగు రకములే. ఉత్తరపారా కర్మాగారమున ఇంగ్లీషు మోరిస్ ఆక్స్‌ఫర్డు ననుసరించి మొదట లాండ్‌మాస్టరు, ఆ వెనుక 1958లో అంబాసిడరు. బొంబాయి కుర్లాలో ఇటలీ ఫియట్ 1100, అదియే 1974 నుండి పద్మిని యను పేరుతో. మన మద్రాసు చెంత 1961 నుండి 1971 వరకు స్టాండర్డ్ హెరాల్డు. వీనిలో హెరాల్డు చరిత్ర విచిత్రమైనది. ఆ బండి జన్మస్థానమైన ఇంగ్లండునందు నాలుగు తలుపులతో ఎన్నడును తయారు కాలేదు. నాలుగు తలుపుల హెరాల్డు మద్రాసున మాత్రమే పుట్టినది. ఇరువదియైదడుగుల వలయములో పూర్తిగా తిరుగగల ఆ బండి మన అగ్రహారపు వీధులకు తగినదే. అంబాసిడరు 2014 మే నెల వరకు తయారగుచునే యుండెను గనుక దాని సామాను నేటికిని వెదకిన దొరకును. హెరాల్డు యజమానికి అట్టి సౌకర్యము లేదు, అతడు ప్రతి చిన్న వస్తువును లేతు మిషను ముందు నిలబడి చేయించుకొనవలసినదే.

ఇక తుప్పు విషయము. కోనసీమలో కారును బాగుచేయుట యనగా నూటికి తొంబదిపాళ్లు తుప్పుతో పోరాడుటయే. సముద్రపు గాలి ఉప్పు తెచ్చును; కాలువలును వరిచేలును గాలికి తేమ నిచ్చును; నాలుగడుగులు త్రవ్విన నీరు పడు నేల క్రిందినుండి చెమ్మ ఎగదన్నును. వీనికితోడు 1986 ఆగస్టు గోదావరి వరదవంటివి, 1996 నవంబరు తుపానువంటివి వచ్చినపుడు నీట మునిగిన బండ్ల పెట్టెభాగములలో చేరిన ఒండ్రుమట్టి ఎన్నటికిని పూర్తిగా ఆరదు. ఉప్పులోని క్లోరైడు ఇనుముపై నుండు పలుచని రక్షకపొరను ఛేదించి, తేమను పట్టియుంచి, లోహమును లోలోపల తినివేయును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె అనేకరెట్లు చోటు నాక్రమించును. కావుననే రెండు రేకులు అతికినచోట అది పుట్టిన, ఆ రేకులను ఎడముచేసి రంగును బుడిపెలుగా లేపును. పైకి బొబ్బ కనబడినచోట లోపల చిల్లు పడియే యుండును.

అట్టి బండిని సంక్రాంతికి తళతళలాడింపవలెనని తొందరపెట్టిన, షెడ్డులో ఏమి జరుగునో ఎల్లరు నెరిగినదే. తుప్పు రేకు కోయకయే దానిపై కొత్తరేకు వేసి వెల్డింగు పెట్టుదురు, అతుకులపై లప్పము రుద్దుదురు, దానిపై ప్రైమరు, దానిపై రంగు. రెండు రేకుల నడుమ బందీయైన తుప్పునకు అంతకంటె సుఖవాసము మరొకటి లేదు. మరుసటి సంక్రాంతినాటికి అది బయటికి వచ్చును. కొనువాడు ఒక చిన్న అయస్కాంతమును జేబులో వేసికొనిపోయిన చాలును. లప్పము దట్టముగా నున్నచోట అది అంటుకొనదు. నగరములలో లక్షలు పలుకుచున్న మెరుపు కార్లకు ఈ పరీక్ష పెట్టవలెనని నాకు కోరిక కలదు గాని, సభ్యత అడ్డువచ్చుచున్నది.

సరియైన పద్ధతి నిదానమైనది, చూచుటకు ఏ మాత్రము అందములేనిది. మొదట రబ్బరు చాపలు, సీట్లు, తలుపుల లోపలి అట్టలు తీసి, తలుపుల అడుగున నీరు పోవు రంధ్రములను వెదకవలెను. అవి ఆకులతోను మట్టితోను పూడిపోయి యుండును, సగము తుప్పునకు మూలము అవియే. తరువాత స్క్రూడ్రైవరు మొనతో నేలరేకును, తలుపుల క్రింద ఇరువైపుల పొడవుగా పోవు సిల్లులను పొడిచి చూడవలెను. ఇచ్చట తెలియని మేస్త్రీ చేయు ప్రమాదమొకటి కలదు. జీపునకును హెరాల్డునకును వేరుగా ఛాసీ యున్నది. బాడీ దానిపై కూర్చుండునదే. అంబాసిడరునకు, ఫియట్ 1100 నకు అట్టి ఛాసీ లేదు, రేకుబాడీయే బండికి వెన్నెముక, అందులో సిల్లులే ప్రధానమైన దూలములు. రెండు సిల్లులను ఒకేసారి కోసివేసినచో బండి నడుమ క్రుంగును, ఆపై ఎంతటి కొత్తరేకు వేసినను తలుపు సరిగా మూతపడదు. కాబట్టి తలుపులను వాని స్థానములలోనే యుంచి, లోపల ఇనుపగొట్టములతో అడ్డుకట్టు కట్టి, ఒక ప్రక్క పూర్తియైన పిదపనే రెండవ ప్రక్క ముట్టవలెను. మా ఇంటి అంబాసిడరునకు ఈ పని జరుగుచుండగా చూచిన బంధువులు, ‘ఇంకా రంగు వేయలేదా’ అని యడిగినవారే గాని, తలుపు ఒక్కవ్రేలి త్రోపుతో మూతపడుటను మెచ్చినవారు లేరు.

పోయిన రేకును కోసివేయవలెను. పోని రేకును కాపాడవలెను. విప్పదగిన చిన్నవస్తువులకు గృహస్థుడు తానే చేసికొనగల ఉపాయమొకటి ఉన్నది: ప్లాస్టికు తొట్టిలో బట్టలసోడా కలిపిన నీరు పోసి, తుప్పు వస్తువును బ్యాటరీ చార్జరు ఋణధ్రువమునకును, ఒక పాత ఇనుపముక్కను ధనధ్రువమునకును తగిలించి ముంచినచో తుప్పు వదలిపోవును, మంచి ఇనుము చెక్కుచెదరదు. ఆ ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు కట్టరాదు, విషపూరితమైన క్రోమియము నీటిలో చేరును. హైడ్రోజను వెలువడును గనుక గాలి ఆడుచోటనే, నిప్పునకు దూరముగా చేయవలెను. విప్పుటకు వీలులేని మూలలకు తుప్పును స్థిరపరచు ద్రావణములు దుకాణములలో దొరకును. వానిలో కొన్నింటి సారము టానిక్ ఆమ్లము. అది తుప్పుతో కలిసి నల్లని గట్టిపొరగా మారును. మన పెద్దలు కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి సిరా చేసికొన్నది ఈ రసాయనధర్మము చేతనే. పిమ్మట సిల్లుల లోపలి కుహరములలోనికి మైనపు ద్రావణమును పిచికారీ చేయవలెను. రంగుకంటె ఈ పనియే ముఖ్యము, ఇది ఎవరికిని కనబడదు.

ఇంజనునుగూర్చి భయపడువారు ఎక్కువ, భయపడవలసినది తక్కువ. మా అమలాపురపు మేస్త్రీ యొకడు ఇరువదియేండ్లు కదలని ఇంజనును చుట్టు తిరిగి చూచి, “ఆయ్, దీనికేం కాలేదండి బాబూ, పడుకునుందంతే, పోయింది బాడీయేనండి” అనినాడు. అతని మాట నిజమైనది. అట్టి ఇంజనును సెల్ఫు కొట్టి లేపబోవుట మూర్ఖత. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పలుచని నూనె పోసి, కొన్నాళ్లు విడిచిపెట్టి, హ్యాండిలుతో మెల్లగా కదలించి చూడవలెను. ఇంజనుకంటె ముందు బ్రేకులు చూడవలెను. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండును గనుక ఆ ధూళిని గాలితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను. పెట్రోలు విషయమున మాత్రము కొత్త చిక్కు వచ్చినది. 2000 ఫిబ్రవరినుండి దేశమంతట సీసము లేని పెట్రోలే దొరకుచున్నది, పాత ఇంజన్ల వాల్వుసీట్లు ఆ సీసము నాశ్రయించి బ్రతికినవి. ఇప్పుడు ఇరువదిపాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చినది, అది పాత రబ్బరు గొట్టములను పాడుచేయును, గాలిలోని తేమను పీల్చుకొనును. మన గాలిలో తేమకు కొదవ లేదుగదా! గొట్టములను, పంపు డయాఫ్రమును ఇథనాలునకు తాళువానిగా మార్చి, బండిని నిలుపునపుడు టాంకులో పెట్రోలును నెలలతరబడి నిలువయుంచకుండుటయే దీనికి విరుగుడు.

పాత కార్ల సీట్లలో మెత్తగా కూరినది తరచుగా రబ్బరు పట్టించిన కొబ్బరిపీచే. కొబ్బరి డొక్కలు గుట్టలుగా పడియుండు అంబాజీపేట ప్రాంతమున సీటుకొరకు స్పంజి వెదకబోవుట హాస్యాస్పదము. ధాన్యపు మిల్లుల ఇంజన్లను, పడవల ఇంజన్లను తరతరములుగా బ్రతికించుచున్న లేతుపనివారు మనకు కలరు. కమానుకట్లను కాల్చి వంపు తెచ్చు కమ్మరులు ఒకరిద్దరు ఇంకను మిగిలియున్నారు. నగరమునకు పంపిన బండిమీద వీరి చేయి పడదు. బండి ఇంటనే బాగుపడినప్పుడే ఈ పనులు మరియొక తరమునకు అందును. పాలిటెక్నికులలోను, ఐ.టి.ఐ.లలోను ఆటోమొబైలు చదువు పిల్లలను ఏడాదికొక్కసారియైన ఇట్టి షెడ్డుకు తీసికొనివచ్చిన, పుస్తకమున కార్బురేటరు బొమ్మ చూచుటకంటె వారికి ఎక్కువ తెలియును.

ఇక చట్టము. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణాశాఖ మోటారువాహన నియమములలో కొత్తవి చేర్చి, మొదటి రిజిస్ట్రేషనునుండి ఏబదియేండ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు వింటేజి హోదా నొసగినది. అనగా మన పెరటి అంబాసిడర్లు, ఫియట్లు ఒక్కొక్కటిగా ఇప్పుడు ఆ గడప దాటుచున్నవి. నిజాముగారి రోల్స్ రాయిస్ చౌమహల్లా ప్రాసాదమున చూచి ఆశ్చర్యపడినవాడు, తన ఇంటి బండియు అదే వర్గమున చేరుచున్నదని ఎరుగడు. కొత్తగా రిజిస్టరగు బండికి ‘వి.ఎ.’ అక్షరములు గల నంబరు, పదేండ్ల గడువు, ఇరువదివేల రూపాయల రుసుము; ముందే రిజిస్టరైన బండి తన పాత నంబరును నిలుపుకొనవచ్చును. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకొనుటకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కవచ్చును. రోజువారీ తిరుగుడునకు గాని, వ్యాపారమునకు గాని పనికిరాదు. పెండ్లికి అద్దెకిచ్చు బేరగాడు ఈ నియమమును చదివియుండడు.

ఈ నియమములు మంచివే, కాని ఒకచోట కోనసీమను మరచినవి. బండి అసలు రూపమున నుండవలెననియు, ఛాసీయందు గాని బాడీయందు గాని ఇంజనునందు గాని మార్పుతో కూడిన పెద్ద మరమ్మతు జరిగియుండరాదనియు వానిలో నున్నది. పెట్రోలు ఇంజను తీసివేసి డీజిలు ఇంజను పెట్టినవానిని ఈ హోదాకు దూరముంచుట న్యాయమే. టాక్సీ నడిపి కుటుంబమును పోషించుకొన్నవాడు ఆనాడు చేసికొన్న ఆ మార్పును తప్పనను, కాని ఆ బండి మరియొక చరిత్రకు చెందినది. బాడీయే వెన్నెముకయైన అంబాసిడరునకు ఉప్పుగాలిచేత పోయిన సిల్లును, అదే కొలతతో, అదే మందపు రేకుతో, అదే స్థానమున తిరిగి పెట్టినచో అది మార్పా, చికిత్సయా? అక్షరార్థము తీసికొను అధికారి చేతిలో చికిత్స చేయించుకొన్న బండి అనర్హమగును, లప్పముతో తుప్పు దాచుకొన్న బండి అర్హమగును. ఇంతకంటె విపరీతమేమున్నది? ప్రపంచపు పాతవాహన సంఘముల సమాఖ్య 2013లో స్థిరపరచిన టురిన్ ప్రకటన కాపాడుటకును, బాగుచేయుటకును, కొత్తది చేయుటకును భేదమును స్పష్టముగా చెప్పుచున్నది; చేసిన ప్రతి పనిని వ్రాసి యుంచవలెనని కోరుచున్నది. మన నియమములకును అట్టి వివరణ యొకటి చేర్చవలెను: ఫోటోలతో, కొలతలతో నమోదైన అసలురూపపు మరమ్మతు మార్పు కాదని.

బాగుచేయుటకు హద్దెక్కడ అను ప్రశ్నకు మన సీమలోనే యొక ఉదాహరణ కలదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి పాత రథము అగ్నికి ఆహుతి కాగా, కొత్త రథమును నిర్మించి 2021 ఫిబ్రవరి ఉత్సవములకు సిద్ధపరచిరి. భక్తులకు అది స్వామి రథమే, ఆ విషయమున సందేహము లేదు. రథమునకు పవిత్రత ఎక్కిన దేవునివలన వచ్చును. కారున కట్టి దేవుడు లేడు. దాని విలువ ఆ రేకు, ఆ స్టీరింగు, చేయి ఆనిఆని అరిగిన ఆ తలుపుపిడి, ఇవి అవే అయియుండుటలో నున్నది. లండనునుండి బ్రైటనుకు ఏటేట 1905కు పూర్వపు కార్లు పరుగుపెట్టును. వానిని చూడ వచ్చినవారు మెరుపును కాదు, అవి వానలో దగ్గుచు నడుచుటనే చూచి ఆనందింతురు. మన బండ్లును అట్లే యుండవలెను: రంగు వెలసిన చోట వెలసియుండనిండు, రేకు గట్టిగా నుండవలెను, బ్రేకు పట్టవలెను.

కనుక ఇంట పాతకారున్నవారికి నా మనవి. ఈ వానాకాలము రాకముందే ఒక పని చేయుడు: టైర్లక్రింద ఇటుకలు పెట్టి బండిని నేలనుండి లేపి, తలుపుల అడుగు రంధ్రములు శుభ్రముచేసి, చాపలు తీసివేసి గాలి ఆడనిండు. తరువాత భోషాణములో, దస్తావేజుల కట్టలలో వెదకి పాత ఆర్.సి. పుస్తకమును బయటికి తీయుడు. ఇదివరకే రిజిస్టరైన బండికి వింటేజి దరఖాస్తుతోపాటు అది జతపరచవలసియుండును. తాతగారి పేర నున్న పుస్తకమును వారసుల పేర మార్పించుకొనుటకు వారసత్వపు కాగితములు కావలెను, వానిపై సంతకములు చేయవలసిన పెద్దలు ఇంకను మన మధ్య నుండగనే ఆ పని ముగించుకొనుట మేలు.